జాజు బొట్టు

"పోను అంటే పోను. ఇగ నన్ను ఆ ముచ్చట అడగొద్దు."

పర్వతాలు కంచాన్ని ముందుకు నెట్టాడు. పచ్చిపులుసు గిన్నె తొణికి, గొంగడి మీద పెట్టిన సర్కారు కాగితం అంచు తడిసింది. తల్లి సత్తమ్మ కొంగుతో గబగబా ఒత్తింది. అక్షరం ముక్క రాని మనిషే కాని, మూడు సింహాల ముద్ర ఉన్న కాగితం తడవకూడదని ఆమెకు తెలుసు.

"తిండి మీద అలుగుడేంది బిడ్డా! పట్నం పోయొచ్చినకాడి నుంచి నువ్వు కడుపునిండ తిన్నది లేదు."

"వాని కడుపు సంగతి తర్వాత," అన్నాడు గోపయ్య. "సర్కారు పిలిచి పీట ఏస్తుంటే కూసోనంటడేంది? అది చెప్పుమను ముందు."

గోపయ్య గొంతు పెద్దది కాదు. నలభై ఏళ్లు గొర్రెలను అదిలించడానికే గొంతంతా అయిపోయింది, ఇంట్లో వాడుకోవడానికి పెద్దగా మిగల్లేదు. అయినా ఆ ఇంట్లో ఆ మాటకు ఎదురు లేదు, ఈ వారం దాకా.

పెద్దకొడుకు జానయ్య గడప మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. నిన్న సాయంత్రమే మందతో ఊరు చేరాడు. మడమల పగుళ్లలో ఆముదం రాసుకుంటున్నాడు. ముప్పై ఐదు నిండలేదు, చూసినవాళ్లు యాభై అనుకుంటారు. తండ్రి కోపానికీ తమ్ముడి పంతానికీ నడుమ తాను కూడా ఒక గడపే. అటు దాటినా ఇటు దాటినా తొక్కేది తననే.

పదిహేను రోజుల కింద ఈ ఇల్లు ఇలా లేదు. గాలిమోటరు, అదే విమానం, నడపడం నేర్పే సర్కారు బడిలో, అలహాబాదులో, గోపయ్య చిన్నకొడుక్కి జాగా దొరికిందని పోస్టుమాను వీధి వీధికీ చెప్పాడు. కురుమోళ్ల పిల్లగాడు మొగులు మీద తిరుగుతాడట అని అవతలి ఊళ్లవాళ్లు కూడా వచ్చి చూసిపోయారు. ఆ తర్వాత దవాఖాన పరీక్ష అని పర్వతాలు హైదరాబాదు పోయాడు. తిరిగొచ్చినప్పటి నుంచి వేరే పాట ఎత్తుకున్నాడు. అలహాబాదు వద్దట. బొంబాయి పక్కన ఎవరో ప్రైవేటువాళ్లు బడి పెట్టారట, పోతే అక్కడికే పోతాడట.

సర్కారు బడికైతే దారి ఖర్చుకూ బట్టలకూ నాలుగు ముసలి గొర్రెలు అమ్మితే చాలు. బొంబాయి బడికి మందలో సగం పోవాలి.

"సగం మంద తోలేస్తే నా పిల్లలు రేపు దేన్ని కాయాలె?" పొయ్యి దగ్గర నుంచి జానయ్య భార్య బాలనర్సమ్మ అంది. "పొయ్యిల పిల్లినా?"

"కొలువుల జేరినంక రెండింతలు కొనిస్త వదినా."

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం."

"జర ఊకోవే," అన్నాడు జానయ్య.

"నువ్వు ఊకున్నది సాలదా? ఇల్లంత ఊకోవాల్నా?"

జానయ్య ఆముదం గిన్నె పక్కన పెట్టి రెండో మడమ అందుకున్నాడు.

అంతలో రామచంద్రయ్య సారు వచ్చాడు. పర్వతాలుకు ఓనమాలు దిద్దించిన సారు ఆయన. ఊళ్లో ఇంగ్లీషు కాగితం ఎవరికి వచ్చినా ఆయన కళ్లజోడు కిందికే పోవాలి. గోపయ్య పొద్దున్నే కబురు పెట్టాడు.

"రెండు బళ్ల కాయితాలు సదివి చెప్పు సారూ. మావోనికి అన్ని తెలుసంట. మాకు చెవులైతే ఉన్నయి గద."

సారు మంచం మీద కూర్చుని ముందు సర్కారు కాగితం తీశాడు. ఒక్కో ముక్కా చదివి, తెలుగులో చెప్పాడు. గాలిమోటర్లు ఇరవై దాకా ఉన్నాయి. నేర్పేవాళ్లు మిలిటరీలో నడిపి వచ్చినవాళ్లు. తిండీ పడకా వాళ్లే చూసుకుంటారు, పైగా నెలనెలా చేతికి కొంత ఇస్తారు.

"ఈ బడిల పాసైతే కంపెనీలోళ్లు వాకిట్ల నిలబడి తీస్కపోతరు గోపయ్యా. ఒక్కటే షర్తు. చేరకముందే పెద్ద డాక్టర్ల కాయితం కావాలె." సారు పర్వతాలు వైపు తిరిగాడు. "పట్నంల పరీక్ష అయింది గద? ఆ కాయితం ఏది?"

"పోస్టుల వస్తదన్నరు సార్."

"ఆనాడే చేతికిస్తరు గదరా?"

"రద్దీ ఉండె సార్."

పర్వతాలు కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించిన రోజుల్లో కూడా ఇలాగే గీసేవాడు. జానయ్య చూశాడు, కాని అప్పటికి దాన్ని పట్టించుకునే ఓపిక లేదు.

రెండోది కాగితం కాదు, పుస్తకం. నున్నటి అట్ట, లోపల ఫోటోలు. బొంబాయి బడివాళ్లు ఒక పేజీ నిండా నాలుగు గాలిమోటర్ల బొమ్మలు అచ్చేశారు. ఒకటి ఎదురుగా, ఒకటి పక్కగా, ఒకటి వెనక నుంచి, ఒకటి రెక్క కిందికి వంచి. సత్తమ్మ వంగి చూసి, "ఎంత సక్కగున్నయో!" అంది.

"ఏదీ, ఇటియ్యి సారూ," అన్నాడు గోపయ్య.

పుస్తకాన్ని వాకిట్లోకి, ఎండలోకి తీసుకుపోయాడు. సంతలో పొట్టేలును చూసినట్టు చూశాడు. ఒక బొమ్మ, మళ్లీ మొదటి బొమ్మ, మళ్లీ మూడోది. బాలనర్సమ్మ నవ్వు ఆపుకుంది. మామ ఇంక దాని పళ్లు కూడా చూస్తాడేమో అనుకుంది.

"సారూ, ఇవి నాలుగు గావు. ఒక్కటే."

"ఒక్కటేందయ్యా? నాలుగున్నయి గద."

"దాన్నే నాలుగు సార్లు ఫోటో దిగిండ్రు. ముక్కు కింద సొట్ట సూడు. ఇగో గీడ. ఇగో మళ్ల గీడ. రెక్క మీద రేకు అతికిచ్చిన మాసిక, ఈ బొమ్మల గూడ ఉన్నది, ఈ బొమ్మల గూడ ఉన్నది. మూడు వందల గొర్రెల్ల ఏ గొర్రె మొఖం ఏదో ఎర్కపడ్తది నాకు. గిది ఎర్కపడదా?"

రామచంద్రయ్య సారు కళ్లజోడు తుడుచుకుని నాలుగు బొమ్మలూ చూశాడు. సొట్ట ఉంది. మాసిక ఉంది. ఆయన మెల్లగా పుస్తకం మూశాడు. ఎంత ఇంగ్లీషు వచ్చినా ఆయనకు అది కనబడలేదు మరి.

"ఆ బడిల పిల్లలెందరు సారూ?"

"నలబై మందని రాసిండ్రు."

"తల్లి ఒక్కటి, పిల్లలు నలబై. ఎవనికి ఎన్ని పాలు దొరుకుతయి?" గోపయ్య చిన్నకొడుకు వైపు చూశాడు. కోపం ఎక్కడికో పోయింది, బతిమాలుతున్నట్టే అడిగాడు. "చెప్పు బిడ్డా. నీకు సదువొచ్చు. నాకు సమజయ్యేటట్టు చెప్పు."

పర్వతాలు పుస్తకం తీసుకుని చూశాడు. అతని ముఖం పాలిపోయింది. ఆ సొట్ట అతనూ ఇప్పుడే చూస్తున్నాడు. ఇక మాట మారుస్తాడని అందరూ అనుకున్నారు.

"ఒక్కటైతే ఒక్కటే," అన్నాడు. "నాకు అదే సాలు."

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు," అంది బాలనర్సమ్మ, ఈసారి నవ్వకుండా.

గోపయ్య పెద్దకొడుకు వైపు తిరిగాడు. "పెద్దోడా, వీడు నాకు చెప్పడు. నువ్వు అడుగు. సాయంత్రం గొర్లు కొనే జడ్చర్ల సేటు వస్తడు. నాలుగు గొర్రెలో సగం మందో, నీ మాట మీద తోలుత. మేపేటోనివి నువ్వు."

మంద తండ్రిది. చదువు తమ్ముడిది. మాట మాత్రం తనది అయ్యింది. జానయ్య కర్ర అందుకుని లేచాడు. మోకాళ్లు టకటకమన్నాయి.

"రారా, వాగు కాడికి పోదాం."

వాగులో నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి. మొన్న ఉన్ని కత్తిరించినప్పుడు గొర్రెల మీది పాత గుర్తులన్నీ ఉన్నితోపాటే పోయాయి. పొద్దున జానయ్య కొత్త గుర్తులు వేశాడు. ఇంట్లో ఉండేవాటికి మెడ మీద ఎర్రటి జాజు బొట్టు. పోయేవాటికి, సేటు ఇచ్చిపోయిన డబ్బాలోంచి ఆకుపచ్చ బొట్టు. ఎంత మంద పోతుందో తేలకపోయినా, ఎటు తేలినా పోక తప్పని ముసలివి కొన్ని ఉన్నాయి, వాటికే పచ్చ పెట్టాడు. అన్నీ కలిసి నీళ్లకు దిగాయి, కలిసిపోయాయి.

"పచ్చబొట్టువి ఇటు తోలు. నేను జాజువి ఆపుత," అన్నాడు జానయ్య. అడగాల్సింది నేరుగా అడగడం అతనికి చేతకాదు. పని చేస్తూ ఉంటే మాట దానంతట అదే వస్తుందని అతని నమ్మకం.

అప్పుడే మొగులు మీద సన్నగా మోత వినిపించింది. ఈ వేళకు రోజూ మద్రాసు నుంచి బేగంపేటకు పోయే గాలిమోటరు. గొర్రెలు నీళ్లకు దిగే వేళను కాపరులు దాన్ని బట్టే గుర్తు పెట్టుకుంటారు. జానయ్య తల ఎత్తలేదు. పర్వతాలు ఎత్తాడు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, అది గుట్ట వెనక దిగిపోయేదాకా చూశాడు. ఐదేళ్ల వయసు నుంచీ అంతే.

తర్వాత పనిలో పడ్డాడు. జానయ్య జాజు గొర్రెలను గట్టు మీదికి తోలి వెనక్కి చూసేసరికి, తమ్ముడు ఒక గొర్రెను నడుం దగ్గర పట్టుకుని నిలబెట్టాడు. దాని మెడ మీది బొట్టును వేలితో రుద్దాడు. వేలు వాసన చూశాడు. ఆ గొర్రెను వదిలేశాడు. రెండోదాన్ని పట్టుకున్నాడు. రుద్దాడు, వాసన చూశాడు, ఇటు తోలాడు.

సేటు రంగు చమురు రంగు, ఇంకా వాసన పోలేదు. జాజు ఉత్త మన్ను, వేలికి పొడిపొడిగా అంటుతుంది.

జానయ్య అలాగే నిలబడిపోయాడు. గట్టెక్కిన గొర్రెలు మళ్లీ వాగులోకి దిగుతున్నాయి. అతను ఆపలేదు.

"తమ్మీ, దాని మెడ మీద ఏం బొట్టున్నది?"

పర్వతాలు గొర్రెను వదిలాడు.

"చెప్పురా. జాజా, పచ్చా?"

"రుద్ది చూస్తే చెప్త."

"రుద్దకుంట."

పర్వతాలు రాతి మీద కూర్చున్నాడు.

"నాకు రెండు ఒక్క తీరుగనే కనబడ్తయి అన్నా. ఎండిన ఆకు తీరు."

జానయ్యకు పన్నెండేళ్ల కిందటి ఎండాకాలం గుర్తొచ్చింది. గడ్డి లేని ఏడాది. మందను అమ్రాబాద్ అడవికి తోలుకుపోయారు. జ్వరం తగిలి తండ్రి వెనక్కి వచ్చేశాడు. అడవిలో ఒక కుంట దగ్గర ఇంకో కాపరి వెంకటయ్య మందా తమ మందా కలిసిపోయాయి. వెంకటయ్యవాళ్ల గుర్తు పచ్చ, తమది జాజు. దారి తప్పిన చూడి గొర్రె కోసం జానయ్య పోతూ, విడదీసే పని ఎనిమిదేళ్ల పర్వతాలుకు చెప్పాడు. తెల్లారి చూస్తే తమ మందలో పదకొండు పచ్చబొట్లు. వెంకటయ్య మంద అప్పటికే వెళ్లిపోయింది. తిరిగి పోయేటప్పుడు ఇచ్చేద్దామని జానయ్య వాటిని కూడా మేపాడు. కాని ముందు తమ్ముణ్ని కర్ర విరిగేదాకా కొట్టాడు.

వెంకటయ్య నేరుగా ఊరికి పోయి, పెద్దమనుషులను కూడేసి, తన గొర్రెలు దొంగిలించారని నిలదీశాడు. అడవిలో ఏం జరిగిందో గోపయ్యకు తెలియదు. కొడుకుల మీద నమ్మకంతో బీరప్ప ముందు బండారు, ఆ దేవుడి పసుపు, గుప్పిట పట్టి ప్రమాణం చేశాడు. మా మందలో పరాయి గొర్రె ఒక్కటి లేదు అని. పది రోజులకు మంద ఊళ్లోకి వచ్చింది, పదకొండు పచ్చబొట్లతో.

గొర్రెలను తిరిగి ఇచ్చారు, తప్పు కట్టారు. వెంకటయ్య మరిచిపోయాడు కూడా. గోపయ్య మరవలేదు. అప్పటినుంచి ఏ బీరప్ప పండుగకూ అతను బండారు ముట్టలేదు. అందరూ ఎగరేస్తుంటే దూరంగా కూర్చునేవాడు. వీడు మందకు పనికిరాడు, బడికి తోలండి అని జానయ్యే అన్నాడు. అలా పర్వతాలు చదువు మొదలైంది.

"ఆనాడే చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? అందరికి గట్లనే కనబడ్తదనుకున్న. మీరంత హుషారు, నేను మొద్దును, అందుకే తెలుస్తలేదనుకున్న."

"పట్నంల ఏమైంది?"

"డాక్టరు ఒక పుస్తకం తీసిండు. ఏ పేజీ చూసినా రంగురంగుల చుక్కలే. నా ముందటోడు పన్నెండు, ఎనిమిది అనుకుంట గడగడ అంకెలు చదువుతున్నడు. నాకు చుక్కలే కనబడ్డయి." అవి పర్వతాలు వారం రోజులుగా మనసులో చెప్పుకుని చెప్పుకుని అరిగిపోయిన మాటలు. "మంచోడే డాక్టరు. పుట్టుకతోని వచ్చింది, మందు లేదన్నడు. దిగేకాడ ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు ఉంటయి బాబూ, నీ ఎనక అరవై మంది కూసుంటరు అన్నడు."

"బొంబాయోళ్లు అడుగరా?"

"చేరేటప్పుడు అడుగరు. ఇంటి పెద్దలు రాసిస్తే సాలంట. ఆఖరుకు కొలువు లైసెన్సు ఇచ్చేటప్పుడు సర్కారు డాక్టర్లు చూస్తరు."

"అప్పుడు?"

పర్వతాలు గులకరాయి తీసి నీళ్లలోకి విసిరాడు.

"సగం మంద పోయినంక, రెండేండ్లు పోయినంక, అప్పుడేం జేస్తవురా?"

"ఆ పుస్తకం బట్టీ పడ్త."

"అరవై మంది ఎనక కూసుంటరని నువ్వే చెప్తివి."

పర్వతాలు తల వంచుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన గొంతు ఇరవై ఏళ్లవాడిది కాదు, ఆ ఎనిమిదేళ్లవాడిది.

"కొలువు రాకపోనీ అన్నా. ఒక్కపారి నా చేతులతోని పైకి లేపి, దించుత. సొట్టదైతేంది, మాసికదైతేంది. ఒక్కపారి. ఆ తర్వాత నువ్వు చెప్పిన పని జేస్త. జన్మంత నీ మంద కాస్త."

"మంద ఉండాలె గదరా కాయనీకి."

జానయ్యకు కోపం వచ్చింది. ఏనాటిదో కోపం, ఎక్కడ దాక్కుందో తెలియని కోపం. "నా కండ్లు మంచిగున్నయని నేను మంద ఎనకబడితి. నీ కండ్లు బాగలేవని నువ్వు బడికి పోతివి. గిది మన ఇంటి నాయం," అన్నాడు. అన్నాక నోరు చేదైంది. తమ్ముడి వీపు మీద, మెడకు కొంచెం కింద, కర్ర దెబ్బ మచ్చ ఇప్పటికీ ఉంది. స్నానం చేసేటప్పుడల్లా కనిపిస్తుంది. పన్నెండేళ్లుగా దాన్ని చూసి, తప్పు చేశాడు, తిన్నాడు అనుకున్నాడు.

తప్పు చెయ్యలేదు. వాడికి కనబడలేదు.

"నాయినకు చెప్పకు అన్నా. నీ కాళ్లు మొక్కుత."

జానయ్య లేచి వాగులోకి దిగాడు. కలిసిపోయిన గొర్రెలను ఒక్కడే విడదీశాడు. జాజు ఇటు, పచ్చ అటు. ఒక చూపు చాలు అతనికి. పర్వతాలు రాతి మీద నుంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇల్లు చేరేసరికి ఎండ వాలింది. సేటు వచ్చి మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. రామచంద్రయ్య సారు పోలేదు. గోపయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఏమంటడు పెద్దోడా?"

జానయ్య కర్రను చూరు కింద దోపాడు. కొంచెం సేపు అక్కడే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అలసట. ఇంతా అంతా కాదు, ఎముకల్లోకి దిగిన అలసట. నిజం చెప్పడానికి బలం కావాలి. అబద్ధానికి అక్కరలేదు, నోరు తెరిస్తే చాలు.

"బొంబాయికే తోలుదాం నాయినా. సగం మంద ఇద్దాం."

పొయ్యి దగ్గర గిన్నె కింద పడింది. బాలనర్సమ్మ బయటికి వచ్చి మొగుడి ముఖం చూసింది. పొద్దున అన్ని మాటలన్న మనిషి ఒక్క మాట అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేదని జానయ్యకు అనిపించింది.

"ఎందుకురా?" అన్నాడు గోపయ్య. "ఒక్కటే గాలిమోటరు గద."

"ఒక్కటైనా ఎగురుతది గద."

గోపయ్య పెద్దకొడుకును పైనుంచి కింది దాకా చూశాడు. మూడు వందల ముఖాలు గుర్తుపట్టే కళ్లు అవి. జానయ్య తల దించుకున్నాడు.

"సరే. మేపినోనివి నువ్వు. నీ మాటంటే మాటే. సారూ, వాళ్ల కాయితం మీద ఏం జెయ్యాల్నో సూడు."

సారు పుస్తకం వెనక అట్టకు అంటించి ఉన్న ఫారం చింపి తీశాడు. పేరు రాశాడు, ఊరు రాశాడు, చదువు రాశాడు. చివర దగ్గర ఆగి, చదివి వినిపించాడు.

"ఇది ఇంటి పెద్ద వెయ్యాలె గోపయ్యా. 'మా పిల్లవాని చూపులోగాని, వినికిడిలోగాని ఏ లోపమూ లేదని దేవుని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.' దీని కింద నీ ఏలిముద్ర."

సత్తమ్మ నవ్వింది. ఆ పూట ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. "వాని సూపుకేమైంది సారూ? మొగులు మీద గాలిమోటరును అందరికన్న ముందు సూసేది నా కొడుకే."

పర్వతాలు గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"ప్రమాణమా?" అన్నాడు గోపయ్య.

"ఊరికె రాసుకుంటరయ్యా, అందరు ఏస్తరు."

"అందరు ఏస్తరేమో."

సారు సిరా డబ్బా తెరిచాడు. గోపయ్య బొటనవేలు అద్దుకున్నాడు. వేలు నల్లగా తడిసింది. కాగితం మీదికి తెచ్చి, ఆపేశాడు. సేటు చాయ్ కప్పు పక్కన పెట్టాడు.

"ఆనాడు బండారు పట్టేటప్పుడు నేను నిన్ను అడగలే పెద్దోడా," అన్నాడు గోపయ్య. గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది. "నువ్వు అడివిల ఉంటివి. నిన్ను అడిగినంకనే పట్టాలె అనే తెలివి లేకపాయె. పన్నెండేండ్లు అదే సోంచాయించిన. ఈసారి అడిగి ఏస్త. వీని సూపు మంచిగున్నదని రాసిండ్రంట. ఉన్నది గద?"

పర్వతాలు అన్న వైపే చూస్తున్నాడు. రెప్ప వెయ్యడం లేదు.

కాగితానికీ తండ్రి వేలికీ నడుమ గోధుమ గింజంత సందు. ఇంకొంచెం ఉంటే సిరా చుక్క దానంతట అదే పడేలా ఉంది.

జానయ్య ముందుకు వంగి తండ్రి మణికట్టు పట్టుకున్నాడు. కిందికి నొక్కడానికో, పైకి ఎత్తడానికో పట్టుకున్నాక కూడా అతనికి తెలియలేదు.

"చెప్పు పెద్దోడా," అన్నాడు గోపయ్య.